పన్నెండు సీసాల నీళ్ళు

పన్నెండు సీసాలూ ఆఫీసు వెనకాల ఉన్న ఒకే కుళాయి కింద నిండేవి. పన్నెండు వీధుల పేర్లు రాసిన చీటీలు మాత్రం సీసాలాయన ముందురోజే అంటించి ఉంచేవాడు. నెలకోసారి, మంగళవారం పొద్దున్న, కుళాయి దగ్గర ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఒక్కో సీసా మూత తీసి, నింపి, మూత బిగించి పక్కన పెట్టేవాడు. మొత్తం అరగంట పని. వాటిని ఐసుపెట్టెలో సర్ది జీపు ఎక్కిస్తే ల్యాబుకి పోయేవి. రెండు రోజులకి కాగితం తిరిగొచ్చేది. పన్నెండు వీధుల్లోనూ నీళ్ళు తాగడానికి పనికొస్తాయని అందులో ఉండేది. ఆ కాగితం ఆఫీసు గోడమీది బోర్డుకి ఎక్కేది. దాని ముందు నిలబడి చదివినవాణ్ణి ఆయన ఇంతవరకూ చూడలేదు.

ఆయనకి సొంత పేరు లేకపోలేదు. హాజరు పట్టీలో తప్ప దానికి పనిలేకుండా పోయింది. నీటి సరఫరా ఆఫీసులో శాంపిళ్ళు తీసే ఉద్యోగం. చేరిన మూడో నెలకే అందరికీ సీసాలాయన అయ్యాడు. జీపు డ్రైవరుని స్టెప్నీ అనేవాళ్ళు. ఆ జీపుకి స్టెప్నీ టైరు ఉండగా ఎవరూ చూడలేదు గనక ఆ లోటు డ్రైవరు పేరుతో తీర్చారు.

మొదట్లో ఇలా లేదు. మొదటి ఏడాది ఆయన సైకిలు మీద పన్నెండు వీధులూ తిరిగేవాడు. వీధికో ఇల్లు. స్పిరిట్లో ముంచిన దూదిని వెలిగించి కుళాయి మూతిని కాల్చాలి. రెండు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి. అప్పుడు సీసా పట్టాలి. వేలు సీసా మూతికి తగిలిందా, ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తియ్యాలి. ఆయన అన్నీ చేసేవాడు. చదువుకున్నది పల్లెటూరి బడిలో. పంతులు చెప్పింది చెప్పినట్టు రాయడం తప్ప ఇంకో విద్య తెలియదు.

ఒక నెల గోదాముల వీధి నీళ్ళు బాగాలేవని కాగితం వచ్చింది. ఆయన దాన్ని పట్టుకుని పెద్ద సారు గదికి పరిగెత్తినట్టే వెళ్ళాడు. పెద్ద సారు చదివి, "మళ్ళీ తీసుకురా" అన్నారు. తెచ్చాడు. మళ్ళీ చెడ్డవే. "మళ్ళీ తీసుకురా" అన్నారు. మూడోసారి సైకిలు స్టాండు తీస్తుంటే స్టెప్నీ అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి గురూ?"

"గోదాముల వీధికి. మళ్ళీ తెమ్మన్నారు."

"ఆయన తెమ్మంటున్నది నీళ్ళనుకున్నావా? మంచి కాగితం." స్టెప్నీ సీసా లాక్కుని వెనక కుళాయి కింద పట్టాడు. "ఇదిగో గోదాముల వీధి. ఎండలో పడి తిరక్కు."

రెండు రోజులకి మంచి కాగితం వచ్చింది. పెద్ద సారు భుజం తట్టారు. ఫైలు మూసేశారు. మరి గోదాముల వీధి సంగతేమిటని ఆయన ఒకటి రెండుసార్లు కదిపి చూశాడు. "బాగానే వచ్చాయి కదయ్యా" అన్నారు. ఎవరూ బెదిరించలేదు. తిట్టనన్నా తిట్టలేదు. తిట్టి ఉంటే కోపం వచ్చేది, ఆ కోపంతో ఇంకొన్నాళ్ళు సైకిలు తొక్కేవాడేమో. అందరూ మంచిగానే ఉన్నారు. టీ ఇప్పించారు. తర్వాతి నెల గోదాముల వీధి సీసా ఒక్కటే ఆఫీసు కుళాయి కింద నిండింది. ఆ తర్వాత దూరంగా ఉన్న మూడు వీధులవి. వానాకాలం వచ్చేసరికి పన్నెండూ.

ఇది పదిహేడేళ్ళ కిందటి మాట. ఈ మధ్యలో ముగ్గురు పెద్ద సార్లు మారారు. కుళాయి మారలేదు.

భార్య పోయినప్పటినుంచీ ఆయన ఆదివారం భోజనం అక్క ఇంట్లో. అక్క వాళ్ళది పల్లపు వీధి. ఊరి వాలంతా వచ్చి ఆగేది అక్కడే. ఇంటిముందు మురుగుకాలవ, కాలవని ఆనుకుని నీళ్ళ పైపు. అక్క ఇంట్లోనే బట్టలు కుడుతుంది. బావ ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. మనుషుల మీద ఆయన లెక్కలు ఆయనకున్నాయి. "అడక్కుండా దండం పెట్టాడంటే వాడి దగ్గర టిక్కెట్టు లేనట్టే" అంటాడు. వాళ్ళబ్బాయి ప్రెస్సులో పనిచేస్తాడు, పొద్దున పోతే చీకటిపడ్డాకే రావడం. కోడలు, ఆరు నెలల పాప. కోడలు మాట తక్కువ మనిషి. పాపకి పాలు చాలక డబ్బా పొడి కలుపుతోంది.

ఆ ఇంట్లో సీసాలాయన మాటలకి గిరాకీ ఎక్కువ. ఆఫీసులో నోరు మెదపని మనిషి అక్క ఇంట్లో మాత్రం విప్పేవాడు. బోర్డు మీది కాగితాలు ఎవరూ చదవరని చెప్పేవాడు. తనిఖీకి వచ్చినవాళ్ళు ఏం తిని పోతారో చెప్పేవాడు. ఆఫీసులో ఆ కుళాయి నీళ్ళు ఎవరూ ముట్టరు, అందరూ ఇంటినుంచి బాటిలు తెచ్చుకుంటారు అని చెబితే బావ తొడ చరుచుకుని నవ్వేవాడు. సీసాలన్నీ ఆ కుళాయి దగ్గరే నింపుతున్న సంగతి మాత్రం చెప్పలేదు. అదొక్కటీ పక్కన పెట్టి మిగతాదంతా నవ్వులాటగా పంచిపెట్టేవాడు. "మీ తమ్ముడు చెప్పాడంటే ఇంక ఆ ఆఫీసు మాట నమ్మక్కర్లేదు" అనేవాడు బావ. ఆ మాటకి సీసాలాయనకి లోలోపల కాస్త గర్వంగా కూడా ఉండేది.

వాళ్ళకి నమ్మకం పోవడానికి ఆయన ఒక్కడే కారణమా అంటే కాదు. వీధి చివర ఆస్పత్రి కడతామని ఎనిమిదేళ్ళ కిందట ఎవరో పెద్దమనుషులు కార్లలో వచ్చి, పేర్లు చెక్కిన రాయి పాతి, ఫొటోలు దిగి పోయారు. అక్క ఆ రోజు కొత్త చీర కట్టుకుని వెళ్ళి చప్పట్లు కొట్టింది. రెండేళ్ళు చూసి వీధివాళ్ళు ఆ రాయిని పెకలించి కుళాయి పక్కన వేసుకున్నారు. దానిమీద బట్టలు బాగా ఉతుకుడు పడతాయి. పేర్లు సగం అరిగిపోయాయి.

ఈ నెల గురువారం మధ్యాహ్నం ల్యాబునుంచి ఫోను వచ్చింది.

"అంకుల్, మీ పన్నెండు సీసాల్లోనూ పురుగుంది. పేగుల్లో పుట్టే రకం." ల్యాబులో చేరి ఆరు నెలలు కూడా కాని అమ్మాయి. గొంతులో కోపం లేదు.

"పన్నెండిట్లోనూనా?"

"పన్నెండిట్లోనూ. ఇంకో సంగతి. నీళ్ళలో కలిపే క్లోరిన్ మందు పాళ్ళు కూడా పన్నెండిట్లో ఒకటే. ట్యాంకునుంచి దూరం పోయేకొద్దీ తగ్గాలి కదా. మీ ఊళ్ళో పన్నెండు వీధులూ ఒకదానిమీద ఒకటి కట్టారా అంకుల్?"

సీసాలాయన ఎదురు బల్ల దగ్గర గుమాస్తా ముద్ర కొడుతున్న చప్పుడు వింటూ నిలబడ్డాడు.

"ఇప్పుడు కంప్యూటరు కదా, రిజల్టు నేను కొట్టగానే పైకి వెళ్ళిపోయింది. నోటీసులు వస్తాయి. ఈసారి వీధుల్లోవి తెండి అంకుల్. సీసాలో ఏముందో నేను రాస్తాను. సీసా ఎక్కడిదో రాసేది మీరే కదా."

ఫోను పెట్టేసి స్టెప్నీని పిలిచాడు. స్టెప్నీ నిచ్చెన వేసుకుని ఆఫీసు మేడమీది ట్యాంకు ఎక్కి మూత పక్కకి జరిపి, ముక్కు మూసుకుని దిగాడు.

"పావురం. పోయి వారమైనట్టుంది, పాపం."

పెద్ద సారు ఆ మాట విని హమ్మయ్య అనుకున్నారు. "అయితే మన ట్యాంకేనన్నమాట. ఊళ్ళో ఏం లేదు. కడిగించెయ్యండి. నోటీసులు వెనక్కి తీసుకుందాం. సోమవారం ఇంకో పన్నెండు పంపిద్దాం, మంచిగా వస్తాయి." పన్నెండు వీధుల సీసాల్లోకి ఆఫీసు ట్యాంకు పావురం ఎలా వచ్చిందని ఆయన అడగలేదు. ఎవరికీ అడగాలని తోచలేదు.

నోటీసులు మాత్రం అప్పటికే బయల్దేరాయి. శుక్రవారం పొద్దున అక్క ఫోను చేసింది.

"ఏరా, మీవాళ్ళు గేటుకి కాగితం కట్టిపోయారు. నీళ్ళు మరిగించి తాగాలంట. కోడలు పొద్దున్నుంచీ పొయ్యి ఆపడం లేదు, గిన్నెలన్నీ నీళ్ళే. నిజంగా ఏమన్నా ఉందా, మామూలేనా?"

సీసాలాయన నవ్వాడు. "మా ఆఫీసు ట్యాంకులో పావురం పడిందక్కా. అది పోయి మీ వీధికి తగులుకుంది. నీళ్ళకేం రాలేదు. గ్యాసు దండగ, ఆపమను."

"అనుకున్నాను సుమా!" అని అక్క ఫోను దించకుండానే లోపలికి కేకేసింది. "ఆపవే అమ్మా, ఆపు! మామయ్య చెబుతున్నాడు. పావురమంట!"

బావ నవ్వు ఫోనులో వినపడింది.

సోమవారం ఆయన ముక్కాలిపీట తీసి కుళాయి దగ్గర వేసుకున్నాడు. మొదటి సీసా మూత తిప్పాడు. మళ్ళీ బిగించాడు. ల్యాబులో ఆ పిల్ల కనిపెట్టేస్తుంది, అందుకే వెళ్ళడం అని తనకి తాను చెప్పుకున్నాడు. అంతకంటే పెద్ద కారణమేదీ వెతుక్కోలేదు. మోకాళ్ళు సైకిలుకి పనికిరావు. స్టెప్నీని బతిమాలి జీపులో కూర్చున్నాడు.

"ఇన్నేళ్ళకి ఇదేం పాడు బుద్ధి గురూ?" అన్నాడు స్టెప్నీ. అన్నాడే గానీ పన్నెండు వీధులూ తిప్పాడు.

పల్లపు వీధికి వచ్చేసరికి పది దాటింది. అక్క కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి ఎవరింటికో వెళ్ళింది. కోడలు పాపని చంకనేసుకుని పెరట్లో కుళాయి చూపించింది. ఆయన చేతులు కడుక్కుని, దూది వెలిగించి, కుళాయి మూతి నల్లబడేదాకా కాల్చాడు. నీళ్ళు వదిలి గడియారం చూసుకున్నాడు. సీసా పట్టాడు. పదిహేడేళ్ళయినా చెయ్యి మర్చిపోలేదు. కోడలు రెప్పవెయ్యకుండా చూసింది.

"ఇన్నాళ్ళూ ఇలాగే తీసేవారా మామయ్యగారూ?" అంది.

"ఆఁ" అన్నాడాయన, చీటీ మీద టైము రాస్తూ.

పాప నీరసంగా భుజంమీద వాలి ఉంది. రెండు రోజులుగా విరేచనాలని, పళ్ళు వస్తున్నాయేమోనని అత్తగారు అంటున్నారని కోడలు చెప్పింది. అయ్యుండొచ్చు అనుకుంటూ ఆయన జీపెక్కాడు.

బుధవారం మధ్యాహ్నం ల్యాబు అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది.

"పదకొండు బాగున్నాయి అంకుల్. మందు పాళ్ళు కూడా ఎక్కడికక్కడ తేడాగా ఉన్నాయి, ఉండాల్సినట్టే. పల్లపు వీధి బాగాలేదు. కాస్తో కూస్తో కాదు. మురుగు కలుస్తోంది. మీ పెద్ద సారుకి కూడా పంపాను."

పెద్ద సారు గదిలో ఆ కాగితం బల్లమీదే ఉంది. దానిమీద కళ్ళజోడు పెట్టి ఉంది.

"మొన్ననే నోటీసిచ్చాం, మొన్ననే వెనక్కి తీసుకున్నాం. ఇప్పుడు మళ్ళీ కడితే నవ్వరూ? పైపు మార్చాలంటే ఆర్డరు రావాలి. రాసి పంపాను. నువ్వు ఒక పని చెయ్యి..." పెద్ద సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పల్లపు వీధిది ఒక్కటీ మళ్ళీ తీసుకురా."

ఆయన మంచివాడే. మనవడి ఫొటో బల్లమీద పెట్టుకున్న మనిషి. సీసాలాయన బయటికి వచ్చి, సెలవు చీటీ రాసి గుమాస్తా బల్లమీద పెట్టి, నడుచుకుంటూ పల్లపు వీధికి బయల్దేరాడు. దారి పొడుగునా ఒక్క లెక్కే తిరిగింది బుర్రలో. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమ, మంగళ, ఇవాళ. పొయ్యి ఆపించి ఆరు రోజులు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి కోడలు వంటగట్టు దగ్గర పాలసీసాలో నీళ్ళు పోసి పొడి చెంచాతో వేస్తోంది. ఆయన చెప్పులు విప్పకుండానే లోపలికి వెళ్ళి ఆ సీసా తీసుకుని తొట్లో ఒంపేశాడు. పక్కన ఉన్న బిందె కూడా ఒంచేశాడు. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"ఏమైందిరా నీకు?" అక్క కుట్టుమిషను ఆపి లేచింది. "పట్టిన నీళ్ళన్నీ పారబోస్తావేం? సాయంత్రందాకా కుళాయి రాదు!"

"తాగకండక్కా. నీళ్ళు బాగాలేవు. మురుగు కలుస్తోంది."

బావ వసారాలో పేపరు మడిచాడు. "ఈసారి ఏం పడింది? ఏనుగా?"

అక్కకి నవ్వు ఆగలేదు. ఏడుస్తున్న పాపని ఎత్తుకుని ఊపుతూనే నవ్వింది.

"నవ్వులాట కాదు బావా. కాగితం వచ్చింది."

"కాగితమా!" బావ లోపలికి వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు. "ఏ కాగితం? మొన్న గేటుకి కట్టిందా, శనివారం పీకేసిందా, బోర్డు మీదదా? నాకొకటి తెలిసింది, నువ్వు కాదనకు. నీళ్ళ బాటిళ్ళ ఏజెన్సీ పెట్టాడు చూడు చౌరస్తాలో, వాడు మీ పెద్ద సారుకి తోడల్లుడంటగా?"

"కాదు. ఆయనకి తోడల్లుళ్ళే లేరు."

"ఉండరు. ఉన్నారని ఎవడు చెబుతాడు?"

సీసాలాయన గోడకి వేసిన బల్లమీద కూలబడ్డాడు. బావతో మాట్లాడుతుంటే తన మాటలే ఎదురొస్తున్నాయి. అదే వ్యంగ్యం, అదే భుజం ఎగరెయ్యడం. ఎన్ని ఆదివారాలు కూర్చుని వడ్డించాడో అన్నీ ఇవాళ ఆయన విస్తట్లోకే వచ్చి పడుతున్నాయి. ఇక మిగిలింది ఒక్కటే. ఇన్నేళ్ళూ పక్కన పెట్టుకున్నది.

"అక్కా, కూర్చో. బావా, నువ్వూ విను" అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను వీధుల్లో నీళ్ళు తియ్యలేదు. పన్నెండు సీసాలూ ఆఫీసు కుళాయి దగ్గరే నింపాను. మీ వీధి పేరు రాసి అంటించాను. మీ నీళ్ళు బాగున్నాయని వచ్చిన ప్రతి కాగితమూ అబద్ధమే. నేను చేసిందే. మొన్న సోమవారం మొదటిసారి మీ కుళాయి నీళ్ళు తీశాను. అందులో మురుగుంది. శుక్రవారం మరిగించొద్దని చెప్పింది నేనే. తెలియక చెప్పాను."

చెప్పేశాక తల దించుకుని కూర్చున్నాడు. తిడతారనుకున్నాడు. బావ చెయ్యి చేసుకున్నా పడదామనుకున్నాడు. ఆ ఇంటికి మళ్ళీ రావద్దంటే అదీ సబబేననుకున్నాడు. వస్తూ వస్తూ దానికి సిద్ధపడే వచ్చాడు.

బావ స్తంభం దగ్గరే నిలబడి గడ్డం గోక్కున్నాడు.

"అంతేనా?" అన్నాడు. "నేనింకా ఏదో అనుకున్నాను."

"అంతేనా అంటావేంటి బావా?"

"మరేమనమంటావు? అందరూ అంతేగా. ఎవడు చేస్తున్నాడు చెప్పు, చెయ్యాల్సిన పని? మా డిపోలో బ్రేకులు చూసినట్టు సంతకం పెట్టినవాడు బ్రేకులు చూశాడా? మా బావమరిది సీసాలు పట్టుకుని వీధులు తిరుగుతున్నాడంటే అది వింత గానీ."

"నీమీద నాకేం కోపం లేదురా" అంది అక్క. చాలా మామూలుగా అంది. "నీ ఉద్యోగం నువ్వు చూసుకోవాలి కదా. నువ్వు మాత్రం ఏం చేస్తావు." పాపని జోకొట్టి పడుకోబెట్టి కుట్టుమిషను దగ్గరికి వెళ్ళి కూర్చుంది. "ఉండు, టీ పెడతాను."

పదిహేడేళ్ళు మోసిన మూట దించితే దానికి కనీసం చప్పుడు కూడా లేదు. క్షమించారా అంటే అదీ కాదు. క్షమించాలంటే ముందు ఆయన నుంచి ఏదో ఒకటి ఆశించి ఉండాలి. గోదాముల వీధి రోజున అప్పటి పెద్ద సారు గదిలో టీ తాగినప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. అందరూ మంచిగానే ఉన్నారు.

"టీ వద్దక్కా" అన్నాడు. "పాపకి పళ్ళు కాదు. నీళ్ళే. నా మాట విను."

"పిల్లలకి కడుపులో బాగుండకపోవడం కొత్తా?" అంది అక్క, దారం ఎక్కిస్తూ. "మా అబ్బాయి ఈ నీళ్ళు తాగే ఇంతవాడయ్యాడు."

అప్పటిదాకా కోడలు వంటగది గుమ్మంలో ఖాళీ పాలసీసా పట్టుకుని నిలబడి ఉంది.

"మామయ్యగారూ, మొన్న కుళాయిని కాల్చారు కదా. ఎందుకు కాల్చారు?"

ఎవరూ ఆయన్ని ఈ ప్రశ్న అడగలేదు ఇంతవరకూ. ఆయన తలెత్తాడు.

"కుళాయి మూతికి మురికి ఉంటుందమ్మా. చేతులది, బల్లులది. అది సీసాలో పడితే తప్పు కుళాయిదో పైపుదో తెలియదు. కాలిస్తే అది చచ్చిపోతుంది. రెండు నిమిషాలు వదిలేస్తే పైపులో నిలిచిన నీళ్ళు కూడా పోతాయి. ఆ తర్వాత వచ్చేది పైపులో నీళ్ళే."

"అంటే కాల్చాక కూడా వచ్చిందా మురుగు?"

"వచ్చింది. చాలా వచ్చింది."

"కుళాయి కట్టేసినప్పుడు కూడానా?"

"అప్పుడే ఎక్కువ. నీళ్ళు ఆగినప్పుడు పైపు లోపల ఖాళీ అవుతుంది. ఎక్కడో అతుకు ఊడి ఉంటుంది. ఆ ఖాళీ పక్కనున్న కాలవ నీళ్ళని పీల్చుకుంటుంది. మళ్ళీ వదిలినప్పుడు మొదట వచ్చేది మీ బిందెల్లోకే."

కోడలు తల ఊపింది. కుళాయి వదిలిన మొదట్లో నీళ్ళు కాస్త మబ్బుగా ఉంటాయని తను కూడా చూస్తూనే ఉన్నానంది. తర్వాత పాలసీసా తొట్లో పెట్టి, మూలనున్న కూజాలో మిగిలిన నీళ్ళు పెద్ద గిన్నెలో పోసి పొయ్యిమీద పెట్టింది. గ్యాసు వెలిగించింది.

"గ్యాసు మొన్ననే వచ్చిందే" అంది అక్క.

"ఉండనియ్యండి అత్తయ్యా." కోడలు మంట పెంచింది. ఇటు తిరక్కుండానే అంది: "మీరు చెప్పారని కాదు మామయ్యగారూ. శుక్రవారం మీరు చెప్పారనే ఆపాను."

ఆయన గిన్నెలో నీళ్ళు కుతకుతలాడేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎంతసేపు మరగాలో, మీద మూతపెట్టి ఎలా చల్లార్చాలో, పాలసీసానీ, దాని పాలపీకనీ కూడా అందులోనే వేసి మరిగించాలనీ చెప్పాడు. పాపని ఇవాళే డాక్టరుకి చూపించమని, నీళ్ళ సంగతి ఆయనకి తప్పకుండా చెప్పమని అన్నాడు. ఆయన అంటుండగానే కోడలు భర్తకి ఫోను చేసి పెందలాడే రమ్మంది. గొంతు పెంచలేదు. కానీ అక్క మిషను ఆపి వింది.

"నీకంత పట్టింపుగా ఉంటే పక్కింటివాళ్ళకి కూడా చెప్పిపో" అన్నాడు బావ, మళ్ళీ పేపరు విప్పుకుంటూ. వెక్కిరింతగానే అన్నాడు.

సీసాలాయన చెప్పులు విప్పనే లేదు గనక అలాగే బయటికి నడిచాడు.

పల్లపు వీధిలో అరవైమూడు ఇళ్ళు. ఎన్నున్నాయో ఆయనకి తెలుసు, చీటీల వెనక ఆ లెక్క రాయాలి. పక్కింట్లో గడియారాలు బాగుచేసే ముసలాయన కంటికి భూతద్దం పెట్టుకునే తలుపు తీశాడు.

"నీళ్ళు బాగాలేవు. మరిగించి తాగండి. నీటి ఆఫీసునుంచి."

"ఆఫీసు పంపిందా?"

"లేదు. నేనే వచ్చాను."

"ఆఫీసు పంపలేదు, మీరే వచ్చారు." ముసలాయన భూతద్దం తీసి ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. "అయితే మీకేంటి ఇందులో?"

"ఏమీ లేదు" అన్నాడు సీసాలాయన. ఏమీ లేదన్నవాడి మీదే అనుమానం ఎక్కువని ముసలాయన ముఖం చూస్తే తెలిసింది. తలుపు మెల్లగా మూసుకుంది.

తర్వాతి ఇంట్లో ఆడమనిషి ఫిల్టరు అమ్మడానికి వచ్చాడనుకుని వద్దు వద్దు అని లోపలినుంచే అరిచింది. ఆ తర్వాతది తాళం. ఆ తర్వాతి ఇంట్లో లుంగీ కట్టుకున్న కుర్రవాడు గుర్తింపు కార్డు అడిగి తీసుకుని, ఫొటోనీ ముఖాన్నీ మూడుసార్లు చూసి, "పోయిన శనివారం బాగున్నాయన్నారు, ఇవాళ బాగాలేవంటున్నారు. శనివారం అబద్ధమా, ఇవాళ అబద్ధమా?" అన్నాడు.

"శనివారం."

"ఇవాళ కాదని ఏంటి గ్యారంటీ?"

"మొన్న సోమవారం ఈ వీధిలో, ఆ చివరింట్లో, నేనే స్వయంగా కుళాయి కాల్చి పట్టాను" అని మొదలుపెట్టాడాయన. దూది దగ్గరనుంచీ చెప్పాడు. రెండు నిమిషాలు ఎందుకో చెప్పాడు. అంతకుముందు పదిహేడేళ్ళు ఎక్కడ పట్టాడో అదీ చెప్పాడు. కుర్రవాడు మధ్యలో రెండుసార్లు ఫోను చూసుకున్నాడు. కానీ చివరిదాకా నిలబడ్డాడు. "సరే" అని కార్డు ఇచ్చేశాడు. ఆ సరేకి అర్థం ఏదైనా కావచ్చు.

గేటు వేసి వచ్చాక సీసాలాయన గోడపక్కన కాసేపు ఆగాడు. లోపల గిన్నె ఏదో తీసిన చప్పుడైంది. చెంబుతో నీళ్ళు పోసిన చప్పుడు. పొయ్యి వెలిగించే లైటరు చప్పుడు కోసం చెవి ఒగ్గి నిలబడ్డాడు. టీవీ పెట్టినట్టున్నారు, ఏదీ సరిగ్గా వినపడలేదు. వెలిగించి ఉండొచ్చు, లేకపోనూవచ్చు.

మోకాలు ఒకసారి నిమురుకుని, ఐదో ఇంటి గేటు గడియ తీశాడు.